పర్చూరు బాబాయి మాట చెల్లదు

గుంటూరు బ్రాడీపేటలో విత్తనాల కొట్టు పెట్టిన కొత్తలో మా ఆయన బిల్లుల కోసమని ఒక కంప్యూటరు కొన్నారు. దానికి ఇంటర్నెట్ ఎందుకు పెట్టించారో ఆయనకే తెలియాలి. పత్తి విత్తనాల అదునులో మాకు ఊపిరాడదు. ఆ తర్వాత మిరప నార్లు పోసుకునేవాళ్ళు వస్తారు. ఆ హడావుడి కూడా అయిపోయాక కొట్లో ఈగలు తోలుకోవడమే. ఆయన స్కూటరేసుకుని ఊళ్ళు తిరగడానికి పోయేవారు, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. అలా కూర్చునే ఒక మధ్యాహ్నం ఆ సైటు నా కంటపడింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళు నేను దాన్ని వదల్లేదు, అది నన్ను వదల్లేదు.

అది తెలుగు మాటల ఆట. ఒకరు ఒక మాట చెబితే, దాని చివరి అక్షరంతో మొదలయ్యే మాట ఇంకొకరు చెప్పాలి. గుణింతం ఏదైనా ఫరవాలేదు. కాలువ అంటే వరి, వరి అంటే రోకలి. ఒక గొలుసులో ఒకసారి వచ్చిన మాట మళ్ళీ రాకూడదు. ఇంతే! ఇందులో ఏముందని మా ఆయన చాలాసార్లు అడిగారు. ఏముందో ఆడితే తెలుస్తుంది, అడిగితే తెలియదు. అప్పట్లో తెలుగు టైపు చెయ్యడం మాలో ఎవరికీ చేతకాదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్ళం, అలాగే తిట్టుకునేవాళ్ళం కూడా.

సైటు పెట్టినవాడు మా గుంటూరు కుర్రాడే, ఉద్యోగం హైదరాబాదులో. మిగతా సైట్లలో సభ్యులకి వెండి, బంగారం అని హోదాలిస్తే ఇతగాడు మిరపకాయల హోదాలు పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు నారు. కొన్ని మాటలు చెప్పాక పూత, ఆపైన పిందె, పచ్చిమిర్చి, పండుమిర్చి, ఎండుమిర్చి. అన్నిటికంటే పైన గొడ్డుకారం. గొడ్డుకారం హోదా ఉన్నవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయనే మా పర్చూరు బాబాయి.

బాబాయి పర్చూరు దగ్గర పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. ఇంటి వీధి వైపు గదిని నెట్ సెంటరుకి అద్దెకిచ్చాడు. అద్దెకున్నాయన మొహమాటానికి ఒకరోజు కూర్చోమన్నాడట, అంతే, ఆ మూల కంప్యూటరు బాబాయి సొంతమైపోయింది. పొద్దున్నే కాఫీ తాగి వచ్చి కూర్చుంటే పిన్ని అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదు. ఆయనకి రాని మాట లేదు. నాగలికున్న భాగాలన్నీ, చేపల పేర్లన్నీ, మేం ఎన్నడూ వినని చెట్ల పేర్లన్నీ ఆయన దగ్గరుండేవి. చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆ మాట తెలియనందుకు మమ్మల్ని దులిపిపోసేవాడు కూడా.

ఇక నా సంగతి. నాకు ముక్కు మీదే కోపం. తప్పు మాట కనబడితే ఒంటికాలి మీద లేచేదాన్ని. నాతో పడలేక ఆ కుర్రాడు, "అక్కా, నువ్వే తీర్పరిగా ఉండు, నన్నొదిలెయ్" అని పెత్తనం నా చేతికిచ్చేశాడు. అప్పటినుంచి ఏ మాటైనా నియమం తప్పితే దాని కింద ఎర్ర అక్షరాలతో 'చెల్లదు' అని పడేది. అందరూ నన్ను చెల్లదక్క అనేవాళ్ళు. బాబాయి మాత్రం అమ్మాయ్ అనేవాడు.

"ఏం అమ్మాయ్, గుంటూరు ఎండలకి బుర్ర ఆవిరైపోయిందా? మా ఊళ్ళో ఆ మాట పసిపిల్లలు కూడా అంటారే!"

"మీ ఊళ్ళో అంటే మీ ఊళ్ళోనే ఆడుకోండి బాబాయ్. ఇక్కడ చెల్లదు."

"నీ తీర్పు మీద కలెక్టరుకి అర్జీ పెడతా."

"పెట్టండి. ఆయన కూడా మా కొట్టుకే రావాలి విత్తనాలకి."

రోజూ ఇదే భాగోతం. మా ఇద్దరి మధ్య అగ్గి రాజెయ్యడానికి చీరాల మాస్టారు ఉండనే ఉన్నాడు. ఆయన లెక్కల మాస్టారు, ఎన్నాళ్ళుగానో ఎండుమిర్చి దగ్గరే ఆగిపోయిన మనిషి. ఆ కడుపుమంటతో బాబాయిని 'కోల్డ్ స్టోరేజీ సరుకు' అనేవాడు. పోయినేడాది పంట గిడ్డంగిలో పెట్టుకుని ఈ ఏడు అమ్ముతున్నాడని ఆయన ఎగతాళి. "కోల్డ్ స్టోరేజీ సరుకే అయితే ఒక్క కాయ కొరికి చూడు మాస్టారూ, వాడరేవు సముద్రం దాకా పరిగెత్తకపోతే అప్పుడడుగు" అని బాబాయి.

ఆ వాడరేవులోనే మేమంతా ఒక్కసారి కలిశాం. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నది అప్పుడే. గొడ్డుకారం హోదాకి తగ్గట్టు ఉండాలని సైటు కుర్రాడు నిజంగానే ఎండుమిరపకాయలు దండగుచ్చి తెచ్చాడు. బాబాయి సన్నగా, రివటలా ఉన్నాడు, మాట మాత్రం కంచు. దండ వేసుకుని ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాడో లేదో సముద్రం మీంచి గాలి ఒక్క విసురు విసిరింది. అందరం తుమ్ములే తుమ్ములు. పక్కన చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. ఉపన్యాసం సాగలేదు. పిన్ని తన కొంగుతో ఆయన కళ్ళు తుడుస్తూ, "ఈయనకి ఇంట్లో మాట్లాడ్డం చాలదటమ్మా, సముద్రంతో కూడా మాట్లాడాలట" అంది. ఆ రోజే పిన్ని మా కొట్టు ఫోను నంబరు తీసుకుంది.

మా ఆటలో ఇంకో ఆచారం ఉండేది. ఎవరైనా వారం పది రోజులు కనబడకపోతే వాళ్ళ హోదా ఊడిపోయి, పేరు పక్కన 'తాలు' అని పడేది. మిరపకాయల్లో రంగు పోయి తెల్లబడినవాటిని ఏరి పక్కన పడేస్తారే, అదీ తాలు. ఎవరన్నా తాలు అయ్యారంటే మిగతావాళ్ళకి పండగే. రోజూ వచ్చి తలో తిట్టూ తిట్టి పోవాలి. ఆ మనిషి తిరిగొచ్చాక ఒక్కో తిట్టుకీ జవాబు చెప్పుకుంటే గానీ పాత హోదా రాదు. తిట్లు పడుతున్నాయంటే మన కోసం చూస్తున్నారని లెక్క. నేను జ్వరంతో పడుకున్నప్పుడు నాకు పడ్డ తిట్లు చదువుకుని మంచంలో కడుపు పట్టుకుని నవ్వాను.

ఒక చలికాలం బాబాయి పేరు పక్కన తాలు పడింది. గొడ్డుకారం తాలవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఇంకేం, మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయినట్టుంది" అని మాస్టారు మొదలెట్టాడు. పిన్ని గోంగూర పప్పులో ఆయన నాలుకని కలిపి రుబ్బేసిందని ఒకరు. నేనేం తక్కువ తినలేదు. "మాటలైపోయాయా బాబాయ్? పర్చూరు బస్సులో ఓ సంచీడు వేసి పంపించమంటారా?" అని రాశాను. రాసి, నాలో నేనే మురిసిపోయాను.

ఎంత తిట్టినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి మాస్టారికి అనుమానమొచ్చి, ఒక ఆదివారం బస్సెక్కి పర్చూరు వెళ్ళాడు. తిరిగొచ్చి సైట్లో రాశాడు. బాబాయికి పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి ఇంటికి పంపారు. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, చెప్పింది అర్థమవుతోంది. కానీ మాట రావడం లేదు.

మాట రావడం లేదు. అది చదివి కొట్లో అలా కూలబడిపోయాను. మా వీధికి కూతవేటు దూరంలో ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు నేను ఇక్కడ కూర్చుని సంచీడు మాటలు పంపిస్తానని ఎగతాళి రాశాను కదా. చెయ్యి నరుక్కోవాలనిపించింది. నాలాగే అందరికీ అనిపించింది. గంటలో తిట్లన్నీ ఎవరివి వాళ్ళు తీసేశారు. సైటు కుర్రాడు తాలు తీసేసి గొడ్డుకారం తిరిగి పెట్టేశాడు. ఇక అక్కణ్ణుంచి చూడాలి మా మర్యాద! "పూజ్యులైన బాబాయి గారికి", "మీరు త్వరగా కోలుకోవాలని ఆ భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము", "మీ కోసం మా చర్చిలో ప్రార్థన చేయించామండీ". బాబాయిని ఎన్నడూ మీరు అనని కుర్రకుంకలు కూడా గారు, అండి. నేనూ రాశాను, "దయచేసి విశ్రాంతి తీసుకోండి" అని. నా జన్మలో ఎవరికీ అంత చప్పటి మాట రాసి ఎరగను.

ఆ వారంలోనే కొట్టుకి ఫోనొచ్చింది. పిన్ని.

"ఎన్నిసార్లు చేసినా ఎంగేజే వస్తోందమ్మా" అంది ముందు. నిజమే మరి, ఇంటర్నెట్ నడుస్తుంటే మా ఫోను పలకదు. నేను ఏడుపు గొంతుతో, "పిన్నీ, తెలియక ఏవేవో రాశాం, క్షమించండి" అన్నాను.

"క్షమించడమేమిటే? నేను ఫోను చేసింది అందుక్కాదు. మీ అందరికీ ఏమొచ్చింది ఉన్నట్టుండి?"

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ నెట్ సెంటరాయన మా తిట్లన్నీ కాగితాల మీద తీసి ఇచ్చేవాడట. రోజూ పొద్దున పిన్ని మంచం పక్కన కూర్చుని అవి ఆయనకి చదివి వినిపించేదట.

"ఆయనతో మాట్లాడుతుండమన్నాడు డాక్టరు. నేనెంతకని మాట్లాడను? మీ తిట్లు చదువుతుంటే ఎడం చేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు. ఏదో అనబోయేవారు. బస్సులో సంచీడు మాటలు పంపిస్తానన్నావు చూడూ, అది విన్నప్పుడేనమ్మా మొదటిసారి నవ్వింది. మూతి ఓ పక్కకే వచ్చింది గానీ, నవ్వే. ఇప్పుడేమో అందరూ గారూ, అండీ! చదువుతుంటే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆ గొడ్డుకారం మళ్ళీ పెట్టారని చూపిస్తే కళ్ళమ్మట నీళ్ళు. తనింక తిరిగిరాడని మీరంతా నిర్ణయించేసుకున్నారని ఆయన బాధ. మాట రాకపోతే పోయింది, మనిషి ఎదురుచూడ్డం కూడా మానేస్తున్నాడే" అని పిన్ని భోరుమంది.

నేనిక ఫోను పెట్టేసి సైట్లోకి వెళ్ళాను. గొడ్డుకారం తీయించి తాలు పెట్టించాను. కింద ఇలా రాశాను: "పర్చూరు బాబాయ్! మంచమెక్కి కాళ్ళు చాపుకుంటే హోదాలు ఊరికే ఇస్తామనుకున్నారా? ఎవరబ్బ సొమ్మని? మాట చెప్పినవాడికే హోదా. మీ వంతు మీ కోసం ఆపి ఉంచాం. తొందరగా తగలడండి."

అంతే, నా మీద విరుచుకుపడ్డారు. పుండు మీద కారం చల్లుతున్నావన్నారు, నువ్వసలు ఆడదానివేనా అన్నారు. మాస్టారు స్వయంగా ఫోను చేసి, "చెల్లెమ్మా, నీకు పిచ్చిగానీ పట్టలేదు కదా" అన్నాడు. పిన్ని చెప్పిందంతా చెప్పాను. మర్నాడు చూస్తే మాస్టారు రాశాడు: "కోల్డ్ స్టోరేజీ సరుకుకి ఎండ తగిలితే గానీ రంగు రాదు. పట్టె మంచం అరుగు మీద వేయించుకో పెద్దమనిషీ." ఆ తర్వాత ఒక్కొక్కరే దారికొచ్చారు. తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. ప్రతి తిట్టూ ఇంతకుముందు కంటే శ్రద్ధగా, ముద్దుగా, ఎక్కడా ఆయన నొచ్చుకోకుండా, కానీ రోషం మాత్రం పుట్టేలా రాసేవాళ్ళం. అది ఎంత కష్టమో రాసినవాళ్ళకే తెలుసు.

పిన్ని అప్పుడప్పుడూ ఫోను చేసేది. అమ్మ అన్నారనేది. నీళ్ళు అన్నారనేది. మాస్టారి కాగితం విని 'ఛీ' అన్నారని చెప్పినప్పుడు మాస్టారు చీరాలలో మిఠాయి పంచిపెట్టాడు. కానీ ఆట మాట మాత్రం రాలేదు. ఎదుటివాడి మాట విని, ఆ అక్షరం పట్టుకుని, తన లోపల వెతుక్కుని బయటికి తేవాలి కదా. అది వస్తే ఆయన వచ్చినట్టే. అది రాకపోతే ఆ ఛీలూ ఛాలూ ఎన్నొచ్చినా మా బాబాయి రానట్టే. మా అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ ఆయనకి తెలుసు.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం గొలుసు 'తలుపు' దగ్గర ఆగి ఉంది. ప అక్షరంతో మాట కావాలి. ఇది బాబాయి వంతు అని మామూలుగానే రాసి పెట్టాను. కాసేపటికి ఆయన పేరుతో ఒక మాట పడింది.

పత్తి.

కింద నెట్ సెంటరాయన ఒక వాక్యం చేర్చాడు: "ఆయనే చెప్పారు, నేను టైపు చేశాను." అంతే! సైటంతా జాతర. హైదరాబాదు నుంచి కుర్రాడు, చీరాల నుంచి మాస్టారు, ఎన్నడూ నోరు విప్పని నారు వాళ్ళు కూడా చప్పట్లు. జీవితమంతా పత్తి మధ్యే గడిపిన మనిషికి మొదట వచ్చిన మాట పత్తి. నాకు కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతోనే గొలుసు వెనక్కి జరిపి చూశాను. చూడకుండా ఉండలేను, నా బుద్ధి అలాంటిది. పత్తి అప్పటికే వచ్చింది. అదే గొలుసులో, కొద్దిగా పైన, మాస్టారే చెప్పాడు.

ఏం చెయ్యాలి? పోనీలే అంటే అయిపోతుంది. ఒక్కరూ నన్ను తప్పు పట్టరు. ఆయన పాపం ఎంత కష్టపడి తెచ్చుకున్నాడో ఆ మాట. కానీ పోనీలే అనడమంటే మళ్ళీ 'పూజ్యులైన బాబాయి గారికి' అనడమే కదా. గోడవైపు తిరిగిన ఆ మొహం నేను కళ్ళతో చూడకపోయినా నా కళ్ళ ముందే ఉంది. గుండె చిక్కబట్టుకుని, ఎర్ర అక్షరాలతో కొట్టాను. చెల్లదు. పత్తి ముందే వచ్చింది. ఇంకో మాట.

ఎవరేమంటారో చూసే ధైర్యం లేక ఇంటర్నెట్ తీసేశాను. తీసిన కాసేపటికే ఫోను మోగింది.

"ఏం చేశావే తల్లీ" అంది పిన్ని. వెనక ఏదో దబదబా చప్పుడు. "ఆయన మంచం పట్టె విరగ్గొట్టేలా ఉన్నారు. ఫోనిమ్మని ఒకటే సైగలు. ఇదుగో, మాట్లాడు."

ఊపిరి వినిపించింది ముందు. తర్వాత ఆ గొంతు. ఆ కంచు గొంతు కాదది, ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. "ఎం... ఎందుకు?" అన్నాడు.

"ఎందుకేమిటి బాబాయ్? మాస్టారు ముందే చెప్పాడు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెల్లదు. నియమం మీకు తెలియదా?"

"మా... మాస్టారు... దొంగ."

"దొంగో దొరో, మాట మాత్రం చెల్లదు. ప తో ఇంకోటి చెప్పండి. నేను లైన్లోనే ఉన్నా."

కొట్లో ఒక రైతు పురుగుమందు కోసం నిలబడి ఉన్నాడు. ఆగమని చెయ్యి చూపించాను. మా ఆయన బయటినుంచి అప్పుడే వచ్చి, నా మొహం చూసి ఏమీ అడక్కుండా ఆ రైతుని పక్కకి తీసుకుపోయారు. ఫోనులో ప, ప అని వినిపిస్తోంది. ఆగిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. నాలుక చివర పైరు, పలుపు, పెసలు, అన్నీ నాకే వచ్చేస్తున్నాయి. అందించేద్దామని ప్రాణం కొట్టుకుపోతోంది. పెదవి కొరుక్కున్నాను.

వెనక నుంచి పిన్ని, "పాలు అనండి, పాలు" అంటోంది.

"పిన్నీ! అందించకూడదు! అందిస్తే అది కూడా చెల్లదు!" అని కొట్టు అదిరేలా అరిచాను.

మళ్ళీ ఊపిరి. ఎంతసేపో నాకు తెలియదు. అప్పుడు ఆ గొంతు, ఒక్కో అక్షరాన్నీ లాగి బయటపడేస్తున్నట్టు, "పచ్... పచ్చడి" అంది.

"పెట్టను! డాక్టరు కారం ముట్టొద్దన్నాడు, పెట్టనంటే పెట్టను!" అని పిన్ని ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ తిడుతోంది. నేను గొలుసు మొత్తం గుర్తు చేసుకున్నాను. అందులో పచ్చడి రాలేదు.

"చెల్లింది బాబాయ్" అన్నాను. "చెల్లింది."

ఫోను పిన్నికి ఇచ్చేస్తున్నాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, "నీ... వంతు" అన్నాడు.

డ తో ఒక్క మాట చెప్పాలి నేను. ఎంత వెతుక్కున్నా నాకు ఒక్కటీ దొరకలేదు.